నేను పెట్టించిన మోటారు

ముప్పై మూడేళ్ళు కాళ్ళు పట్టుకుని బతికాను. ఈ మాట అన్నప్పుడల్లా మా చెల్లెలు, "అదేదో రాజకీయాల్లో పట్టుకునుంటే ఈపాటికి మంత్రివి అయ్యుంటావు గదక్కా" అని నవ్వుతుంది. నేను ఫిజియోథెరపిస్టును. చెన్నైలో ఒక పెద్ద ఆస్పత్రి నరాల విభాగంలో పనిచేసి రెండేళ్ళ కిందట రిటైరయ్యాను. పట్టు తప్పిన కాళ్ళను వంచడం, చాపడం, నిలబెట్టడం, మెల్లగా నడిపించడం నా ఉద్యోగం.

ఈ మధ్య కాలేజీ నుంచి కొత్తగా బయటికొచ్చిన అమ్మాయిలిద్దరు మా ఇంటికి వచ్చారు. "మేడం, మీ అనుభవంలోంచి మాకు పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. బాగా నెగ్గుకొచ్చిన కేసులేవో చెబుతాననుకుని నోటుపుస్తకాలు తెరిచారు. నేను చెడగొట్టిన కేసు చెప్పాను. కాసేపటికి ఇద్దరూ పెన్నులు పక్కన పెట్టి వినడం మొదలుపెట్టారు. అందుకే ప్రమోషన్లూ సన్మానాలూ వదిలేసి, అదే ఇక్కడ రాస్తున్నాను.

మధ్యాహ్నం రెండింటికి ముగిసే ఉద్యోగం

మా విభాగంలో అంతా పొద్దుటి పూటే. ఎనిమిదికి చీఫ్ రౌండ్సు, తొమ్మిదికి ఓపీ, రెండింటికి తలుపు మూత. చీఫ్ అంటే మా పెద్ద డాక్టరు. ఆయన తాతలు మదరాసులో స్థిరపడిన తెలుగువాళ్ళే, మా వాళ్ళలాగే. రౌండ్సులో తమిళం, నాతో తెలుగు, కోపం వస్తే ఇంగ్లీషు.

నాకు పని నేర్పింది మాత్రం ఆయన కాదు, మా మొదటి హెడ్ ఫిజియో. మహా కోపిష్ఠి మనిషి. "రోగి చెప్పేది సగం విను, కండ చెప్పేది పూర్తిగా విను" అని రోజూ మా చెవుల్లో పోసేది. ఆమె వేళ్ళు అలాంటివి. పిక్క మీద చెయ్యి వేసిందంటే ఆ మనిషి నిన్న ఎంత దూరం నడిచాడో చెప్పేసేది. నేను ఆవిడ మాటను అక్షరాలా పట్టుకున్నాను. ముప్పై ఏళ్ళ దాకా అది తప్పని నాకెవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు. కండ నువ్వు పట్టుకున్న గంటకు ఎలా ఉందో అంతవరకే చెబుతుందని నాకు చెప్పింది ఒక కుట్టు మిషను.

రేణుక

రేణుకకు అప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. కోడంబాక్కంలో ఉంటుంది, సినిమాలకు బట్టలు కుడుతుంది. డాన్సు గ్రూపులకు ఒకే రకంగా నలభై జాకెట్లు, నలభై పావడాలు అంటే ఆమెకే వచ్చేవి ఆర్డర్లు. ముందుగదిలో వాళ్ళ నాన్న కాలంనాటి కాలితో తొక్కే మిషను ఉంది. భర్త మునిరత్నం స్టూడియోలో లైట్‌మన్. పిల్లలు లేరు. ఆ పని అంటే ఆమెకు ప్రాణం.

ఆమెకు వచ్చిన జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్. మేము ఎం.ఎస్. అంటాం. ఒంట్లో రోగాలను ఎదిరించాల్సిన శక్తి దారితప్పి సొంత నరాల మీదే పడుతుంది. కరెంటు తీగ పైన రబ్బరు తొడుగు అక్కడక్కడా ఊడిపోతే ఎలాగో, నరం పైన పొర అలా అవుతుంది. ఒకరికి చూపు మసకబారుతుంది, ఒకరికి చెయ్యి తిమ్మిరెక్కుతుంది. రేణుకకు ఎడమకాలు కొంచెం ఈడ్చుకుపోయేది. ఈ జబ్బున్నవాళ్ళకు అలసట ఎక్కువ, వేడి అసలు పడదు. మన మే నెల కత్తిరి ఎండల్లో వాళ్ళ అవస్థ చూడలేం.

అందుకని మేము ప్రతి ఎం.ఎస్. రోగికీ ఒక కాగితం ఇచ్చేవాళ్ళం. బరువైన పని పొద్దున్నే చేసుకో, సాయంత్రం ఫ్యాన్ కింద పడుకో, కాళ్ళు అలవనివ్వకు, ఇలా. ఆ కాగితం నేనే రాశాను. రేణుకకు ఇంకో నాలుగు మాటలు కలిపి చెప్పాను.

"రోజంతా ఆ మిషన్ తొక్కితే నీ కాళ్ళేం కావాల? మోటారు పెట్టించుకో. కాళ్ళకి రెస్టు ఇయ్యి."

"అది తొక్కతా ఉంటే నాకు కష్టంగా ఉండదు మేడం."

"నీకు తెలిసేది తరవాత. ఇప్పుడు తెలీదు."

మునిరత్నం ఆ వారమే మోటారు పెట్టించాడు. సంగతి చెప్పడానికి ప్రత్యేకంగా ఆస్పత్రికి వచ్చి నాకు దండం పెట్టాడు. నేనూ మహా మురిసిపోయాను.

నొప్పి కాదట

నెల తిరక్కుండానే రేణుక మొహం పీక్కుపోయింది. కళ్ళ కింద నలుపు. పొద్దున పదింటికి నా బల్ల మీద పడుకుని, కాళ్ళు బాగాలేవంది.

"నొప్పా?"

"నొప్పి గాదు మేడం."

"తిమ్మిరా? మంటా?"

"అదీ గాదు. ఎట్టా చెప్పేది? ఎముకలోపల గోలీ సోడా కొట్టినట్టు ఉంటాది. బుసబుసా పొంగతా ఉంటాది. కాలు ఇదిలించినానంటే పోతాది. ఆపినానంటే మళ్ళా వస్తాది. రొంబ కష్టం మేడం, పడుకోలేను."

నేను రెండు కాళ్ళూ పట్టి చూశాను. వంచాను, చాపాను, తిప్పాను. బిగుతు లేదు, కొంకర్లు లేవు. కండ ఏమీ లేదంటోంది. రోగి చెప్పేది సగమే వినాలి కదా! ఎం.ఎస్. లో కండరాలు బిగుసుకోవడం మామూలే కాబట్టి, అప్పుడప్పుడూ బిగుసుకుంటున్నాయి కాబోలని కాగితం మీద రాసేసి, సాగదీసే వ్యాయామాలు రెట్టింపు చేశాను. పైగా దులిపేశాను కూడా.

"నేను చెప్పింది చేస్తా ఉండావా లేదా? సాయంత్రం పడుకుంటా ఉండావా?"

"పడుకుంటేనే గదా మేడం వచ్చేది" అంది.

చెప్పింది! స్పష్టంగా, నా మొహాన, పట్టపగలు చెప్పింది. అది జవాబు. నేను దాన్ని సాకు అనుకున్నాను. ఇప్పుడు తలుచుకున్నా నాకు సిగ్గేస్తుంది. ఆమె చెప్పులు వేసుకుని, గోడ పట్టుకుని వెళ్ళిపోయింది.

తరవాత నెలలో విషయం ముదిరింది. రాత్రిళ్ళు నిద్రపట్టక ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ, ఈడ్చే కాలు గడపకు తగిలి పడింది. మోచెయ్యి వాచిపోయింది. జబ్బు పెరుగుతోందేమోనని చీఫ్‌కు అనుమానం వచ్చింది. ఎం.ఎస్.కు ఇస్తున్న మందు మార్చి ఇంకా బలమైనది మొదలుపెడదామన్నారు. అలాంటి మందులకు వాటి ఇబ్బందులు వాటికుంటాయి. మునిరత్నం భయపడిపోయాడు. నా గది బయట నిలబడి, గొంతు తగ్గించి చెప్పాడు.

"ఇంక పని మాన్పించేస్తా మేడం. ఆ మిషన్ ఇంట్లో ఉంటే ఇది ఊరుకోదు. వచ్చే ఆదివారం మా తంబి వచ్చి ఎత్తకపోతాడు. మాట ఇచ్చేసినా."

"రేణుక ఏమంది?"

"ఏమంటాది? మూడు దినాలుగా నాతో మాట లేదు. రెండేళ్ళయింది మేడం, అది కుట్టిన బట్టలు తెరమీద చూసి. సినిమాకి పోతే అరగంట కూర్చోలేదు, లేచి వచ్చేస్తాది. ఇంక దేనికి ఈ పని?"

అది మంగళవారం. ఆదివారానికి ఇంకా ఐదు రోజులుంది. అప్పుడు కూడా నేను మునిరత్నం పక్షమే. ఆ మాట దాచను.

సాయంత్రం ఆరున్నర

గురువారం నాకు వడపళనిలో చుట్టాలింట్లో పని పడింది. దారే కదా, వ్యాయామాలు ఎలా చేయించాలో మునిరత్నానికి చూపించి పోదామని కోడంబాక్కం స్టేషన్లో దిగి వాళ్ళింటికి నడిచాను. ఆరున్నరయింది. తలుపు తీసే ఉంది. లోపల మిషను చప్పుడు వినిపించింది. అది మోటారు చప్పుడు కాదు, చక్రం తిరిగే చప్పుడు.

లోపలికి వెళ్ళి చూద్దును కదా, మోటారు బెల్టు ఊడదీసి మేకుకు తగిలించి ఉంది. పాత తోలు బెల్టు మళ్ళీ చక్రానికి ఎక్కింది. రేణుక మిషను తొక్కుతోంది. సూదికి దారం లేదు. సూది కింద గుడ్డ లేదు. ఉత్త మిషను, గడగడమని తిరుగుతోంది. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. రెండు నెలలుగా నేను చూడని నెమ్మది ఆ మొహంలో ఉంది.

నన్ను చూసి ఉలిక్కిపడి లేచింది. "మన్నించండి మేడం. మీరు వద్దన్నారు. దీన్ని తొక్కినప్పుడే కాళ్ళు ఊరుకుంటా ఉండాయి."

చేతిసంచి కింద పెట్టాను. "ఈడ కూర్చో. తొక్కబాకు. కదలబాకు. నేను చూస్తా" అన్నాను.

కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా నేలమీద కూర్చున్నాను. గడియారం చూశాను. మూడు నిమిషాలు బాగానే ఉంది. నాలుగో నిమిషంలో పాదాలు ఒకదానితో ఒకటి రాసుకోసాగాయి. తరవాత చేతులు పిక్కల మీదికి పోయాయి. పెదవి కొరుక్కుంటూ ఆపుకుంటోంది. ఏడు నిమిషాలకు "అయ్యయ్యో, నా వల్ల గాదు మేడం" అని లేచి గదిలో నాలుగడుగులు వేసింది. అంతే, తగ్గిపోయింది. మళ్ళీ కూర్చోమన్నాను, మళ్ళీ వచ్చింది. ఆ క్షణంలోనే పిక్క పట్టి చూశాను. మెత్తగా ఉంది. కండ బిగుసుకోవడం కానే కాదు.

రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. కాళ్ళను నిలవనివ్వని జబ్బు. పరీక్షకు చదువుకున్నాను, ఎప్పుడో మర్చిపోయాను. దాన్ని పట్టుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు, నాలుగు మాటలు అడిగితే చాలు. కాళ్ళు కదపాలని తట్టుకోలేనంతగా అనిపిస్తుందా? ఊరికే ఉన్నప్పుడు ఎక్కువవుతుందా? కదిపితే తగ్గుతుందా? పొద్దుటికన్నా సాయంత్రం, రాత్రి ఎక్కువా? రేణుక నాలుగింటికీ తలాడించింది. ముప్పై ఏళ్ళలో పొద్దు వాలాక ఒక్క రోగి కాలు కూడా నేను పట్టుకుని చూడలేదు. పదింటికి నా బల్ల మీద పడుకున్న కాలు బుద్ధిగా ఉండేది మరి. ఆ కాలుకు సాయంత్రం విశ్రాంతి రాసిచ్చినదాన్ని నేను. ఆమెకున్న ఒకే ఒక్క మందు ఆ తొక్కుడు. దానికి మోటారు పెట్టించి ఊడబీకిందీ నేనే.

అదే మాట రేణుకతో అన్నాను. "తప్పు నాది రేణుకా. నువ్వు మొదటిరోజే సరిగ్గా చెప్పినావు."

ఆమె నన్ను ఓదార్చలేదు. మిషను మీద తల పెట్టుకుని భోరున ఏడ్చింది. "నాకు పిచ్చి పట్టిందేమో అనుకుంటిని మేడం" అంది.

మునిరత్నం అప్పుడే వచ్చాడు. సంగతంతా చెబితే గుమ్మంలోనే నిలబడిపోయాడు. "అయితే అది రాత్రంతా తిరిగేది మొండితనంతో గాదా? నేను రోజూ తిడతా ఉండానే, పడుకోమే పడుకోమే అని" అంటూ భార్య వంక చూశాడు. తరవాత గూట్లోంచి మాత్రల అట్ట ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నిద్ర పడుతుందని మందులషాపతను ఇచ్చాడట. చూస్తే అది ఎలర్జీకి వాడే పాతరకం మాత్ర. మత్తు ఇస్తుంది నిజమే, కానీ ఆ రకం మాత్రలు ఈ జబ్బును ఎక్కువ చేస్తాయి. పాపం, రోజూ వేస్తున్నాడు.

చీఫ్ ముందు

మర్నాడు రౌండ్సు కాకముందే చీఫ్ గదికి వెళ్ళాను. పిల్లల్లారా, మీరిది తప్పకుండా చెయ్యాలి. తప్పు తెలిసిన రోజే పైవాళ్ళకు చెప్పాలి. సమయం చూసి చెబుదాంలే అనుకుంటే ఆ సమయం రాదు. నేను మోటారు సంగతి, మిషను సంగతి, నిమిషాల లెక్కతో సహా చెప్పాను.

చీఫ్ మొదట ఇంగ్లీషులోకి దిగారు. ఫిజియోకు రోగనిర్ణయంతో ఏం పని అన్నారు. తరవాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎన్నాళ్ళుగా చూస్తా ఉండాం ఈ అమ్మిని?"

"ఒకటిన్నర ఏడాది సార్."

"ఎప్పుడన్నా, పొద్దు వాలినాక ఎట్టుంటాదమ్మా అని అడిగినామా?"

"లేదు సార్."

"ఎం.ఎస్. ఉండేవాళ్ళకి ఇది మామూలు జనంలోకన్నా ఎక్కువ వస్తాది. నాకు తెలుసు. తెలిసే అడగలేదు నేను. కొత్త మందు ఇప్పుడొద్దు. ఆమెను ఈ పొద్దే రమ్మను. పదింటికి గాదు, ఆరింటికి."

ఆ ఆరింటికి ఆయన ఇంటికి పోకుండా కూర్చున్నారు. మా చీఫ్ గురించి నాకు చాలా ఫిర్యాదులున్నాయి, అవన్నీ ఆ సాయంత్రానికి నేను మాఫీ చేశాను. రేణుకను తానే పరీక్ష చేశారు. రక్తంలో ఇనుము నిల్వ చూడమన్నారు. మామూలు రక్తపరీక్ష పర్వాలేదని ఎప్పుడో వచ్చింది కాబట్టి, నిల్వ ఎంతుందో ఎవరూ చూడలేదు. అది బాగా తక్కువగా ఉందని తేలింది. ఈ కాళ్ళ జబ్బును అదీ పెంచుతుంది. ఎలర్జీ మాత్ర ఆపేయించారు. ఇనుము మాత్రలు, సాయంత్రానికి ఒక చిన్న మోతాదు మందు రాశారు.

మునిరత్నం మెల్లగా అడిగాడు. "మిషన్ సంగతి సార్? ఎల్లుండి ఆదివారం మా తంబి వస్తాడు."

చీఫ్ నావైపు చెయ్యి చూపించారు. "మోటారు పెట్టించింది ఆమె గదా, ఆమెనే అడుగు."

"వస్తే కాఫీ ఇచ్చి పంపించు నాయనా. మిషన్ మాత్రం ఇయ్యబాకు" అన్నాను. రేణుక ఆరు రోజుల మౌనం విడిచి భర్తతో మాట్లాడింది అప్పుడే. "ఇచ్చినావంటే దాంతోపాటే నేనూ పోతా" అంది. మునిరత్నం నవ్వాడు.

ఒక్కరోజులో కాలేదు

పదిరోజుల్లో నిద్ర కాస్త దారికొచ్చింది. అక్కడితో ఆగిపోయింది. నెల గడిచినా సాయంత్రాలు అంతంతమాత్రమే. ఇనుము మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావని అడిగితే, రోజూ మరవకుండా వేసుకుంటున్నానంది. ఈసారి నాకు బుద్ధొచ్చింది కాబట్టి, దేంతో వేసుకుంటున్నావని కూడా అడిగాను. "కాఫీతో మేడం. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి."

చిక్కటి ఫిల్టర్ కాఫీ! ఇనుమును ఒంటికి పట్టనివ్వనిది అదే. పైగా సాయంత్రం కాఫీ కాళ్ళకూ మంచిది కాదు. ఈ ఊళ్ళో మనం మాత్ర అంటే కాఫీతోనే మింగుతాం, ఆ సంగతి చీటీ రాసే మాకు గుర్తుండాలి. నిమ్మకాయ నీళ్ళతో మాత్ర, రెండు గంటలు ఎడంగా కాఫీ, సాయంత్రం కాఫీ బంద్. మాత్రకన్నా ఆ కాఫీ మాన్పించడానికే నాకు ఎక్కువ రోజులు పట్టింది.

మిషను సంగతి మేమిద్దరం కూర్చుని తేల్చాం. పొద్దున అసలు కుట్టుపని మోటారు మీద, అలసట లేకుండా. సాయంత్రం బెల్టు మార్చి పది నిమిషాలు తొక్కుడు, మధ్యలో కొంచెం నడక, మళ్ళీ పది నిమిషాలు. పాత కాగితం చించేసి కొత్తది రాశాను. అందులో మొదటి వాక్యం, "సాయంత్రం మీ కాళ్ళు ఎలా ఉంటాయో ముందు మాకు చెప్పండి."

అందరి కాళ్ళూ రేణుక కాళ్ళు కావు. నిజంగానే కండలు బిగుసుకుపోయేవాళ్ళు ఎం.ఎస్. లో బోలెడుమంది, వాళ్ళకు సాగదీసే వ్యాయామమే దారి. నేను చెప్పేదల్లా రెండింటికీ తేడా అడిగి తెలుసుకోమని. చీఫ్ తరవాత వారానికొకసారి సాయంత్రం ఓపీ పెట్టారు. అందులో ఇంకో నలుగురైదుగురు బయటపడ్డారు, ఏళ్ళ తరబడి "నొప్పి కాదండీ" అని చెబుతూ వచ్చినవాళ్ళు.

పచ్చ జాకెట్టు

ఆ మరుసటి ఏడాది రేణుక ఫోన్ చేసింది. తను బట్టలు కుట్టిన సినిమా వచ్చిందట. సాయంత్రం ఆటకు నన్నూ రమ్మంది. "ఓరం సీటు తీసినా మేడం, లేవాల్సి వస్తే ఇబ్బంది ఉండదు" అంది. గొంతులో భయం తెలుస్తూనే ఉంది. ఆ భయం నాకూ ఉంది.

మునిరత్నం, నేను, ఓరాన రేణుక వరుసగా కూర్చున్నాం. సినిమా మొదలైంది. కథేమిటో నాకిప్పటికీ తెలీదు. చీకట్లో నేను చూసిందంతా రేణుక పాదాలనే. పదినిమిషాలు, ఇరవై, అరగంట దాటింది. ఒకసారి వేళ్ళు ముడుచుకున్నాయి. మళ్ళీ విచ్చుకున్నాయి. ఇంటర్వెల్లో బయట అటూ ఇటూ నడిచి వచ్చింది. రెండో సగంలో ఒకసారి లేచి వెనక గోడదాకా వెళ్ళి వచ్చి మళ్ళీ కూర్చుంది. జబ్బు పోలేదు. ఎం.ఎస్. ఎక్కడికీ పోదు, ఎడమకాలు ఇప్పటికీ కొంచెం ఈడుస్తుంది. కానీ లేచిన మనిషి తిరిగొచ్చి కూర్చుంది!

అంతలో పాట వచ్చింది. నలభై మంది అమ్మాయిలు తెరనిండా తిరుగుతున్నారు. నేను ఇంకా నేలవైపే చూస్తున్నాను, ఆమె పాదాలు ఆ తాళానికి మెల్లగా ఆడుతున్నాయి. అది జబ్బా, పాటా అని లెక్కలేసుకుంటున్నాను. రేణుక నా గడ్డం పట్టుకుని మొహం పైకి తిప్పింది.

"కాళ్ళు చూసింది చాలు మేడం. తెర చూడండి. ఆ పచ్చ జాకెట్లు నావి."